కాలువ కట్టేసిన మర్నాడు

1999 ఏప్రిల్ పదహారు, శుక్రవారం. ఆకు కదలని ఉక్క. తూర్పున మబ్బు పట్టినట్లే పట్టి విడిపోయింది. ముందురోజే కాలువ కట్టేశారు. రెండో పంట దాళ్వా చేతికొచ్చాక మరమ్మతుల కోసం నీళ్ళు ఆపడం మా డెల్టాలో ఏటా జరిగేదే కనుక దాన్నెవరూ వార్తగా చెప్పుకోరు.

రావులపాలెం దాపున, కాలువ లాకులను ఆనుకొని ఉన్న మా ఉన్నత పాఠశాలలో ఆ సాయంత్రం సభ. నేనక్కడ తెలుగు పండితుణ్ణి. సభకు కారకుడు మా సైన్సు ఉపాధ్యాయుడు యెహెజ్కేలు. లూథరన్ చర్చిలో ఆదివారం పాఠాలు చెప్పే కుటుంబంలో పుట్టినవాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, దాని జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. తెలియనిది తెలియదని పిల్లలతో చెప్పగలిగిన ఉపాధ్యాయులను నేను అట్టే మందిని చూడలేదు, ఆయన ఒకడు.

ఆయనకు గురుత్వ తరంగాలంటే వ్యామోహం. గురుత్వ, ఆకర్షణ కలిస్తే గురుత్వాకర్షణ, సవర్ణదీర్ఘ సంధి. రెండచ్చులు కలిసి ఒక దీర్ఘమైనట్లే, మహాభారమైన రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఒక్కటవుతాయనీ, అప్పుడు అంతరిక్షమే అలలు అలలుగా కదులుతుందనీ ఆయన వివరిస్తే, వ్యాకరణం తప్ప మరొకటి రాని నాకు ఖగోళం కూడా కొంత తెలిసినట్లు తోచేది. ఆ అలలను పసిగట్టడానికి మూడు నౌకలను రోదసిలో త్రికోణంగా నిలిపి, వాటి నడుమ లేజరు కిరణాలు పంపాలని విదేశాల్లో ఆలోచిస్తున్నట్లు ఆయన ఏదో పత్రికలో చదివాడు. అంత దూరం పోనక్కరలేదనుకున్నాడు. అక్కడే పొరబడ్డాడు.

క్రిస్మస్ సెలవుల్లో పాఠశాల సామాన్ల గది దూలానికి ఒక తూకపు గుండు వేలాడదీసి, దానికి చిన్న అద్దం అతికించి, బొమ్మల దుకాణంలో కొన్న లేజరు లైటును దానిపైకి తిప్పాడు. ఎదుటి గోడపై ఎర్రని చుక్క పడింది. దాని చుట్టూ సుద్దతో సున్నా చుట్టాడు. చుక్క వణుకుతోంది. ఆయన తొందరపడలేదు. బస్సులు తిరగని వేళ చూశాడు. రైసు మిల్లు సెలవునాడు చూశాడు. అయినా వణుకు ఆగలేదు. ఇది అలాగే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల పనేనని పిల్లలకు చెప్పాడు. పిల్లలు ఊరంతా చెప్పారు. చివరకు రాజమండ్రి కళాశాల లెక్చరరొకరు, నిజమైతే శాస్త్రజ్ఞుల సభకు తీసుకువెళతానని మాట ఇచ్చి, చూడటానికి ఆ సాయంత్రం వచ్చారు. యెహెజ్కేలు పరువంతా ఆ చుక్క మీద ఆధారపడింది.

కిటికీలకు గోనెపట్టాలు కట్టి లేజరు లైటు వేశారు. చుక్క మేకు కొట్టినట్లు నిలిచిపోయింది.

“ఏంటి మాస్టారండీ,” అందుకున్నాడు తల్లిదండ్రుల సంఘం పెద్ద అబ్బులు, “గుడ్ ఫ్రైడే ఎప్పుడో అయిపోయింది గదండీ, మీ చుక్కలింకా సెలవులోనే ఉన్నాయేంటి?”

గది ఘొల్లుమంది. యెహెజ్కేలు అద్దం తుడిచాడు, తాడు సరిచేశాడు. చుక్క కదలలేదు.

“ఆ లైటులో సెల్లు డౌనయ్యుంటుందండీ,” అన్నారు హెడ్మాస్టరు వెంకటరాజు గారు, ఆదుకోబోతూ.

“పర్లేదండీ, ఇంకోసారి వస్తాను,” అన్నారు లెక్చరరు.

ఔనని తలూపితే పరువు దక్కేది. యెహెజ్కేలు మాత్రం తలెత్తి, దేనికోసమో చెవి ఒగ్గి నిలబడ్డాడు. బయట ఏ చప్పుడూ లేదు.

“అబ్బులు గారూ, కాలవ నిన్న కట్టేశారు కదండీ?”

“కట్టేశారండీ. కాలవకీ చుక్కలకీ ఏంటండీ చుట్టరికం?”

“చుట్టరికం లాకులకీ ఈ గుండుకీనండి. అక్కడ నీళ్ళు పడి నేల అదురుతోంది, ఇక్కడ అద్దం అదురుతోంది. ఇన్నాళ్ళూ మీ పిల్లలకి నేను చూపించింది మన లాకులండి.”

“అయితే ఇరిగేషనోళ్ళకి చెప్పండి మాస్టారూ, చుక్కల్ని మళ్ళీ వదుల్తారు!”

కాలువల్లేని మెట్ట ప్రాంతం మనిషైతే మొదటిరోజే ఆ మోత ఏమిటని అడిగేవాడు. పుట్టినది మొదలు చెవిలో ఉన్న లాకుల మోత మాకు నిశ్శబ్దంతో సమానం. ఆగేవన్నీ ఆగిన వేళ పరీక్షించిన యెహెజ్కేలుకు, అదీ ఒకటి ఉన్నదని తోచనే లేదు.

పెద్దలు నవ్వుతుండగా ఆయన గోడపై సుద్ద సున్నాను అరచేత్తో తుడిచాడు. చెవులు కందిపోయాయి. పిల్లలు నవ్వలేదు, తలలు దించుకున్నారు. ఆయనను ఎక్కువగా కాల్చింది అదే. ఆ వేసవిలోనే కాకినాడ వైపు బదిలీ కోరుకున్నాడు. వీడ్కోలు సభ పెడతామంటే చేతులు జోడించి వద్దన్నాడు.

2007 ఫిబ్రవరిలో, నేను పదవీ విరమణ చేశాక, ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

“మాస్టారు గారికి యెహెజ్కేలు నమస్కరించి వ్రాయునది. రోదసిలో నిలపబోయే ఆ మూడు నౌకలను గురించి నిన్న తొమ్మిదో తరగతికి చెప్పాను. ఒకదానికొకటి యాభై లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంచాలనుకుంటున్నారట. భూమి మీదే పెట్టవచ్చు కదా అని పిల్లలు అడిగారు. పెద్ద కృష్ణబిలాలూ, జంట నక్షత్రాలూ పంపే అలలు చాలా నిదానంగా ఊగేవనీ, నేల అదురు వాటిని మింగేస్తుందనీ చెప్పి, లాకుల పక్కన గుండు వేలాడదీసిన ఒక మాస్టారి కథ వినిపించాను. విరగబడి నవ్వారు. ‘ఆయనెవరండీ?’ అని ఒక అమ్మాయి అడిగింది. ‘నాకు తెలిసినాయన’ అన్నాను. ఆనాడు ఊరందరి ముందూ ఒప్పుకున్నవాణ్ణి, నిన్న ఆ పిల్ల ముందు నోరు మెదపలేకపోయాను. అప్పటి సిగ్గుకంటే ఇది నన్ను ఎక్కువ బాధిస్తోంది. సోమవారం బడికి వెళ్ళగానే అది నేనేనని చెబుతాను. ఈ ఏడు కాలువ ఎప్పుడు కట్టేస్తారో కనుక్కొని వ్రాయగలరు. పిల్లల్ని వెంటబెట్టుకొని, నీళ్ళుండగా ఒకసారి, ఆగాక ఒకసారి వస్తాను. సామాన్ల గది తాళం అడిగి ఉంచండి. గుండు నేనే తెచ్చుకుంటాను.”