ఓర్వకల్లులో ఇంజను చల్లారేదాకా

కడప నుంచి వస్తుంటే ఓర్వకల్లు దగ్గర మా పాత కారులో వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది. బస్టాపు పక్కన ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి ముఖానికి కొట్టింది. వెనక సీట్లో నెలల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆగే ఓపిక నాకు లేదు. సీసాలో ఉన్నవి బిడ్డ పాలలోకి కాచిన నీళ్లు. అవే పోసేద్దామని, చున్నీ చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత పట్టుకోబోయాను.

బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ నా చెయ్యి లాగేసింది.

"ఉడికే కుక్కరు మూత ఇట్లనే తీస్తావా యామ్మా? మొగం కాల్తాది. బిడ్డను ఇట్లియ్యి."

బిడ్డను నీడలో ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది. నేను కారు చుట్టూ తిరుగుతూ మూత ఎన్నిసార్లు తాకి చూశానో. కర్నూలు బస్సు వచ్చింది. కండక్టర్ పిలిచినా ఆమె లేవలేదు.

మూత చల్లబడ్డాక తన సంచిలోంచి నీళ్ల క్యాను తీసి ఇచ్చింది. మహానంది కోనేటి నీళ్లట, ఇంటికి తీసుకుపోతోందట.

"బిడ్డ నీళ్లు బిడ్డకుండనీ."

నేను జంకాను.

"శివునికి దినామూ పోస్తానే ఉండారు. ఈపొద్దు కారుకు పోస్తే ఆయప్పకేం కోపం రాదులే."

పోసి చూశాను. కింద ఎక్కడా కారలేదు, ముల్లు దిగింది. కర్నూల్లో దింపుతాను, ఎక్కమన్నాను.

"నీ కారు మళ్లా నిలబడితే ఇంగో క్యాను యాడ తేవాల? నేను బస్సుకే వస్తా, నువ్వు పో."

కదిలాక అద్దంలో చూశాను. ఆమె ఖాళీ క్యాను వంచి, మిగిలిన చుక్కలు అరచేతిలో పట్టి కళ్లకద్దుకుంటోంది.