తెల్ల కుందేలు, మన్నురంగు చెవులపిల్లి

నా చిన్నప్పుడు, శ్రీకాళహస్తిలో మేమున్న వీధిలో రెండు కుందేళ్లు ఉండేవి. ఒకటి తెల్లది, ఒకటి నాది. ఆ రోజుల్లో వీధిలో అందరూ అలాగే చెప్పేవాళ్లు కాబట్టి నాకూ అదే నోటికి అలవాటైపోయింది. నిజానికి రెండూ ఒకే తల్లి పిల్లలు. రేణిగుంట జంక్షన్లో ఒక అరవాయన వెదురుబుట్టలో పెట్టుకుని అమ్ముతుంటే, బండి దిగినవాళ్లు తెల్లవాటిని ముందుగా ఎత్తుకుపోయారట. అందులో ఒకదాన్ని మా ఎదురింటి ప్లీడరుగారు తన కూతురి కోసం తెచ్చారు. ఎవరూ ముట్టుకోక బుట్ట అడుగున మిగిలిపోయిన దాన్ని, అక్కడే రైల్వేలో పనిచేసే మా మామ జాలిపడి నా కోసం తెచ్చాడు. అది ఎండిన చెరువు మట్టి రంగులో ఉండేది. వీపు మీద ఒక వెంట్రుక నల్లగా, ఒకటి గోధుమరంగుగా, ఎటు దువ్వినా మాసినట్టే కనపడేది.

మా వైపు పొలాల్లో తిరిగే అడవి కుందేలుని చెవులపిల్లి అంటారు. వేరుశనగ పెరికిన చేలల్లో కుక్కల్ని, వలల్ని పెట్టి దాన్ని పట్టేవాళ్లు. పట్టుకున్నాక ఏం చేసేవాళ్లో ఆ సాయంత్రం వీధిలో మసాలా వాసనే చెప్పేది. మరి నాది అచ్చం ఆ రంగులోనే ఉండె. అందుకని ఎదురింటిదాన్ని పిల్లలంతా కుందేలు అనేవాళ్లు, నాదాన్ని చెవులపిల్లి అనేవాళ్లు. దానికి ముద్దులు, దీనికి ముక్కల లెక్క. తెల్లదాన్ని ఒడిలో పెట్టుకోవడానికి పిల్లలు వరసలో నిలబడేవాళ్లు, లేత గరిక పోటీపడి కోసుకొచ్చేవాళ్లు. నాదాన్ని చూసి, "ఎత్తుకుంటే చేతికి మన్నంటుతాది" అని ప్లీడరుగారి అమ్మాయి ఒకసారి అంటే, పదిమంది పావడలకు చేతులు తుడుచుకుని చూపించారు. ముట్టుకోకముందే తుడుచుకున్నారన్నమాట. నా వైపు ఆటకు రావలసినవాళ్లూ అటే పోయారు. నేను అప్పటికే రంగుకీ రూపానికీ పెద్దగా పేరున్న పిల్లను కాను. నాకూ నా కుందేలుకూ బాగా కుదిరిందని మా అమ్మే అనేది.

ఒక పొద్దున అది గంప కింద నుంచి తప్పించుకుని, దారి దాటి, ప్లీడరుగారి కనకాంబరాల తోటలోకి దూరింది. నేను వెతుక్కుంటూ కంచె దగ్గరికి వెళ్లేసరికి ఆ అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లతో అరుగు మీద కూర్చుని ఉంది. కనకాంబరాల మధ్య చెవులు కదలడం నేనూ చూశాను, ఆమె కూడా చూసింది. మా ఇద్దరి కళ్లూ కలిశాయి. అది ఎవరిదో ఆమెకు తెలుసు, తెలుసని నాకు తెలుసు. అప్పుడామె నెమ్మదిగా మెడ తిప్పి, తోట కాపలాకాసే మనిషిని పిలిచింది. "చెట్లల్లో చెవులపిల్లి పడిండాది, సూడుపో."

ఆయన చేతి కట్టె గురి తప్పదని ఊరంతా అనుకునేవాళ్లు. తప్పలేదు. నా అరుపు విని ఆయన పరిగెత్తుకొచ్చి, కిందపడి తన్నుకుంటున్నదాన్ని చూసి, తల గోక్కున్నాడు. "నీదా పాపా? తెల్లంగా ఉన్నింటే తెలిసుండేది గదా" అన్నాడు పాపం. ఆ మాటలో పెంకితనమేమీ లేదు. ఉన్న పెంకితనమంతా అరుగు మీద ఉంది. "నేనేం జేసేది? కూరకొచ్చిండాదనుకుంటి" అన్నదామె, పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. వెనక కాలు విరిగిన కుందేలుని పావడలో చుట్టుకుని నేను ఇంటికి నడిచాను. కట్టె విసిరినవాడి మీద నాకు కోపం రాలేదు. ఆ నవ్వు మీద వచ్చింది. ఇన్నేళ్లు గడిచినా అది ఇంకా పోలేదని ఇప్పుడే చెప్పడం మంచిది.

మాది అద్దకం పనివాళ్ల ఇల్లు. మా తాతయ్య గుడ్డ మీద కలంతో దేవుళ్లను గీసేవాడు. ఆయన ఒక వెదురు కలాన్ని నిలువునా చీల్చి, రెండు పుడకలు కుందేలు కాలికి అటూ ఇటూ పెట్టి, కలానికి చుట్టే ఉన్నిదారంతోనే కట్టు కట్టాడు. మా నాయన మాత్రం దాన్ని చాలాసేపు చూసి, "ఆదివారం మీ మామ వస్తాడు. అప్పటికి లేచి నిలబడకపోతే తీసుకుపొమ్మని చెప్తా" అన్నాడు. తీసుకుపోయి ఏం చేస్తాడని నేను అడగలేదు. మా మామ వంట బాగా చేస్తాడని అందరికీ తెలుసు.

ఆ రోజంతా, ఆ మరుసటి రోజంతా నా బుర్రలో ఒకటే తిరిగింది. నాది తెల్లగా ఉంటే కాలు విరిగేది కాదు. నాదాన్ని తెల్లగా చెయ్యడం నా వల్ల కాదు. కానీ ఆమెదాన్ని నల్లగా చెయ్యొచ్చు కదా. మా ఇంట్లో నలుపుకి కరువా? పెరట్లో పెద్ద మూకుడు బోర్లించిన ఒక కుండ ఉండేది. అందులో తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి వారాల తరబడి పులియబెట్టేవాళ్లు. దాన్ని కసిం అంటారు. తాతయ్య కలం దాంట్లో ముంచి గీస్తే చాలు, రాముడి జుట్టైనా రావణుడి మీసమైనా నిగనిగలాడే నలుపు. ఏటి నీళ్లలో ఎంత ఉతికినా పోదు. ఆ వయసులో నాకు ఆ పేరులో కసి ఒక్కటే వినిపించేది.

తెల్లదాన్ని నల్లగా చేసి, కనకాంబరాల తోటలో వదిలిపెట్టాలనుకున్నాను. మిగతాది తోట మనిషి చూసుకుంటాడు. అప్పుడు ఆమె అరుస్తుంది, నేను అరుగు మీద కూర్చుని, కూరకొచ్చిందనుకుంటి అంటాను. ఆ మాటని ఎలా సాగదీసి అనాలో కూడా అద్దం ముందు చూసుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల మనసులో అంత చీకటి ఉంటుందా అని మీరనుకోవచ్చు. నా మనసులో ఉండింది. మంచి మడి కట్టుకున్న చీకటి.

సాయంత్రం తాతయ్య దగ్గర చేరి, ఏమీ ఎరగనట్టు అడిగాను. "తాతా, కసిం గుడ్డకే పడతాదా, వెంట్రుకకి గూడా పడతాదా?" ఆయన కలం ఆపలేదు. "పడతాది" అన్నాడు. అంతే.

మరునాడు పొద్దున్నే నన్ను పిలిచి, మా అక్క చేసే పనికి నన్ను కూర్చోబెట్టాడు. కొత్త గుడ్డని కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో వేసి, మునివేళ్ల నుంచి మణికట్టు దాకా ముంచి పిసికే పని. గుడ్డ పసుప్పచ్చగా అయ్యేదాకా పిసకాలి. "అక్క ఉందిగా" అని గొణిగితే, "దానికి చేతులు నొస్తాయంట, నువ్వే పిసుకు" అన్నాడు. మధ్యాహ్నం దాకా పిసికించాడు. ముసలాయన నా పని తెలియక అడ్డం పడుతున్నాడని మనసులో తిట్టుకున్నాను.

అన్నాలు తిని వీధంతా కునుకు తీసే వేళకి కొబ్బరిచిప్ప నిండా కసిం ముంచుకుని, ప్లీడరుగారి పెరటి వసారాలోకి వెళ్లాను. తెల్లది బోను తలుపు తీయగానే తనంతట తానే నా ఒళ్లోకి వచ్చింది. దానికి జీవితంలో ఎవరి మీదా అనుమానం కలిగే అవసరం రాలేదు. నేను దోసిట్లో కసిం తీసుకుని దాని వీపు మీద పులిమాను. ఆ నీళ్లు చూడ్డానికి పలచని కాఫీలా ఉంటాయి, ఆరేకొద్దీ నల్లబడతాయని నా లెక్క. కాసేపు చూశాను. వీపు మీద కాఫీ ఒలికినట్టుగా మచ్చ పడింది తప్ప నలుపన్నది రాలేదు. ఇంకొంచెం పులిమాను. అప్పుడు నా గోళ్లు కనిపించాయి. గోళ్ల చుట్టూ నల్లగీత. తర్వాత వేళ్లు. తర్వాత అరచేతిలో గీతలన్నీ, ఎవరో కూర్చుని కలంతో గీసినట్టు, ఒక్కొక్కటే నల్లగా లేచాయి. నేను భయపడి గట్టిగా రుద్దాను. రుద్దేకొద్దీ అది అలాగే ఉంది, నేనే మారిపోతున్నాను.

అద్దకం ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలియదా అంటారు. తెలియదు. రోజూ సంగటి తినేవాళ్లందరికీ ఉప్పు ఎప్పుడు వేస్తారో తెలుస్తుందా? కరక్కాయ తాగిన చోటే కసిం నల్లబడుతుంది, తాగని చోట పలచని నీళ్లే. ఆ పొద్దున ఆ ఊరు మొత్తం మీద కరక్కాయ బాగా తాగినవి ఒక గుడ్డ, నా రెండు చేతులు.

అంతా జరుగుతున్నా ఆ పిచ్చిది మాత్రం నా మోచేతి కింద తల దూర్చి, కళ్లు మూసుకుంది. నాది కూడా అలాగే చేసేది, అచ్చం అదే చోట. ఇక్కడ నా మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు. ఆ తలని పక్కకి నెట్టి మళ్లీ పులిమాను. ఆ రోజులో నాకు నేను మరీ చెడ్డగా కనపడేది ఆ ఒక్క క్షణమే.

ప్లీడరుగారి అమ్మాయి కేక పెట్టాకే నేను తలెత్తాను. ప్లీడరుగారి భార్య, వంటమనిషి, తోట మనిషి అందరూ వచ్చారు. వాళ్ల వెనకే మా తాతయ్య, భుజాన తువ్వాలు సర్దుకుంటూ. "కసిం చిప్ప ఈడికొచ్చిండాదని తెలిసింది, తీసుకుపోదామని వచ్చినా" అన్నాడు, పక్కింట్లో మజ్జిగ అడగడానికి వచ్చినట్టు. కూర్చుని, నిమ్మకాయ అడిగి, తెల్లదాని వీపుని ఓపిగ్గా తుడిచి, నీళ్లతో కడిగాడు. మచ్చ చాలామటుకు పోయింది. తర్వాత దాన్ని ఆ అమ్మాయి చేతికిచ్చి, "ఇది నల్లంగా అయ్యిందనుకో పాపా, పొరబాటున తోటలోకి పోయిందనుకో. మీ తోటాయన దీన్ని ఏమనుకుంటాడు?" అన్నాడు. తోట మనిషి తల వంచుకున్నాడు. ఆమె మాత్రం కుందేలుని గుండెలకి గట్టిగా హత్తుకుని, నా చేతుల వైపు చూసింది. "మాది తుడిస్తే పాయె. నీ చేతులు యాడ తుడుచుకుంటావు?" అంది. ఆమె నోటికి జవాబెప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఇంటికి వస్తుంటే, "పడతాదని చెప్తివి గదా" అని ఏడ్చాను. "సగమే చెప్పినా" అన్నాడు తాతయ్య. "నువ్వు అడిగిన సగానికి చెప్పినా. అడగని సగం నాకు నీ గొంతులో ఇనపడింది." అప్పుడు తెలిసింది, పొద్దుటి నుంచి ఆయన అద్దినది గుడ్డని కాదని.

చేతుల నలుపు పోవడానికి పది పన్నెండు రోజులు పట్టింది. నిమ్మకాయ నాకెవరూ ఇవ్వలేదు, తాతయ్య ఇవ్వొద్దన్నాడు. బడిలో గుండ్రంగా నిలబడి ఆడే ఆటల్లో నా రెండు పక్కలా చోటు ఖాళీగా ఉండేది. చెయ్యి పట్టుకోమంటే, అంటుకుంటుందని వెనక్కి దాచేవాళ్లు. అది ఉతికినా పోని రంగు, ఇంకొకరికి అంటదు అని చెప్పినా వినేవాళ్లు కారు. నా కుందేలు ఇన్నాళ్లూ ఏ వరసలో కూర్చుందో, ఆ వరసలో నేనూ వెళ్లి దాని పక్కన కూర్చున్నాను.

ఆదివారం మామ వచ్చాడు. కుందేలు లేచి నిలబడలేదు, వాలిపోయి కూర్చుంది. నాయన నోరు తెరవబోతుంటే, "కట్టు కట్టింది నేను. విప్పేదాకా దాని జోలికి ఎవరూ రావద్దు" అన్నాడు తాతయ్య. అదే సమయానికి తోట మనిషి వేరుశనగ ఆకు చంకనిండా తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాతయ్య కుందేలుని ఆయన చేతుల్లో పెట్టాడు. ఎన్నింటిని పడగొట్టాడో గానీ, ఆయన బతికున్నదాన్ని ఎత్తుకోవడం అదే మొదలట. వీపు మీద ఒక వేలు పెట్టి, "మెత్తంగానే ఉండాదే ఇది గూడా" అన్నాడు. మామ ఆ పూట పప్పూ సంగటీ తిని బండెక్కాడు. తర్వాత నెలకి అది మూడున్నర కాళ్ల మీద గెంతింది, నాలుగేళ్లు బతికింది.

అంతా నా మీద కోపగించుకున్నది ఎదురింటి కుందేలుకి రంగు పూసినందుకు. ఆ ఆదివారం సాయంత్రం కట్టు మారుస్తూ తాతయ్య అడిగింది మాత్రం వేరే. "నల్లంగా అయ్యుంటే, దాన్ని యాడ వదిలేదానివి?" నా కళ్లు కనకాంబరాల తోట వైపు వెళ్లి వచ్చాయి. ఆయన చూశాడు. ముడి బిగించి, కాలు మెల్లగా నిమిరి, లేచి వెళ్లిపోయాడు. మా నాయనకి చెప్పలేదు, ప్లీడరుగారికి చెప్పలేదు. అడిగినవాళ్లకి, "రంగుతో ఆడుకునింది" అన్నాడు.

ఆ అమ్మాయి పెళ్లికి నేను వెళ్లాను. పాయసం రెండుసార్లు వేయించుకుని తిన్నాను, అక్షింతలు వేశాను, క్షమించలేదు. కుందేలునే కాదు, మనుషుల్ని కూడా అంత సులువుగా వదిలే రకం కాదు నేను. ఇప్పటికీ ఎవరైనా నొప్పించి నవ్వితే ఒళ్లంతా కుతకుతలాడుతుంది. ఆపుకోమని నాకు నేను చెప్పుకోను, చెప్పినా వినను. కక్షని దాని దారిన పోనిస్తాను, పోయి ఏం చెయ్యాలో చేసి, చివరికి ఎవరిని ఎక్కడ వదలబోతుందో చూస్తాను. చాలాసార్లు అక్కడికి వచ్చేసరికి నాకే కాళ్లు ఆడవు. కొన్నిసార్లు ఆడాయి, అవి ఇంకొకరు చెప్పవలసిన కథలు.

తాతయ్య ఇంకో ఎనిమిదేళ్లు ఉన్నాడు. యాడ వదిలేదానివని మళ్లీ అడగలేదు, నేనూ జవాబు నోటితో చెప్పలేదు. తోటలోకే, తాతా. కట్టె పడే చోటుకే.