బఖావాన్ వీధి మలుపులో లేని పాక

మానోంగ్ కర్పో, అంటే కర్పో అన్నగారు, నోటితో అప్పుడప్పుడూ అబద్ధమాడేవాడేమో గానీ, కంప్యూటర్‌లో మాత్రం ఇటుక ముక్కంత అబద్ధం కూడా ఆడేవాడు కాదు. ఊళ్లు కట్టే ఆట ఒకటుంది కదా! రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, కరెంటిచ్చి, జనాన్ని నింపి, తీరా ఆ జనం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే జుట్టు పీక్కునే ఆట. అందులో లోకమంతా అద్దాల మేడలూ ఆకాశాన్నంటే వంతెనలూ కట్టుకుంటుంటే, కర్పో మాత్రం ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో తానుండే బఖావాన్ వీధిని ఉన్నదున్నట్టు కట్టాడు. మురిక్కాలవ మీద పలక లేకపోతే అక్కడా లేదు. కరెంటు తీగలు చిక్కుపడితే అక్కడా చిక్కుపడ్డాయి. ఎదురింటి మానాంగ్ పాసింగ్ గోడకి పగులుంటే, అది ఎక్కడ మొదలై ఎక్కడ వంకర తిరిగిందో అక్కడా అలాగే తిరిగింది.

పాసింగ్‌కి అతన్ని చూస్తే ఒళ్లు మండిపోవడానికి ఆ ఒక్క పగులు చాలు. ఆమెకి డెబ్బై దగ్గరపడ్డాయి, వీధందరికీ మానాంగ్, అంటే అక్కగారు. తెల్లారేసరికి కొబ్బరాకుల్లో జిగురన్నం చుట్టి ఇబోస్ ఉడికించి, బుట్ట నెత్తినెత్తుకుని, ఎండైనా వానైనా వీధి మలుపులో నిలబడి, జీప్నీ బస్సెక్కి సంతకి పోయే మనిషి. నోరు పెద్దది, పరువు అంతకంటే పెద్దది.

“ఏమయ్యా కర్పో, నీకు నా గోడే దొరికిందా?”

“మీ గోడొక్కటే కాదు మానాంగ్, అందరి గోడలూ ఉన్నాయి.”

“అందరి గోడలకీ పగుళ్లున్నాయా?”

“లేవు. అందుకే పెట్టలేదు.”

“దేశదేశాల వాళ్లు చూస్తారటగా! నా పరువేం కావాలి?”

“గోడ బాగుచేయించండి. ఆ సాయంత్రమే తీసేస్తాను.”

“ఆటే కదయ్యా! ఓ మీట నొక్కితే పోతుంది.”

“అక్కడ పోతుంది మానాంగ్. ఇక్కడ పోదు కదా,” అంటూ అతను గొడుగు మొనతో ఆమె గోడ చూపించేవాడు. ఎంత మర్యాదగా చెప్పేవాడంటే, ఆ మర్యాదకే ఆమెకి ఇంకాస్త మండేది.

ఆ గొడుగు సంగతి చెప్పాలి. దాని కర్ర పొడుగునా జానకో రంగు గీత ఉండేది. కర్పో దాంతో వీధంతా కొలిచేవాడు. కాలిబాట ఎంత వెడల్పు, గేటు ఎంత ఎత్తు, ఎవరి అరుగు ఎంత ముందుకి జరిగింది, అన్నీ. రోడ్డుకి అడ్డంగా బోర్లా పడుకుని గొడుగు పెట్టి కొలుస్తుంటే జీప్నీ డ్రైవర్లు హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి అవతలి కొస పట్టుకునేవాళ్లు. తీరా వానొస్తే ఆ గొడుగుని చొక్కాలో దాచుకుని తడుస్తూ ఇంటికొచ్చేవాడు.

“విప్పొచ్చు కదండీ!” అని భార్య అదెల్ఫా మొత్తుకునేది.

“గీతలు చెరిగిపోతాయే,” అనేవాడు నీళ్లోడుతూ.

కర్పో జీవితమంతా ఓడల్లో వంటవాడిగా తిరిగాడు. ప్రపంచంలోని సగం రేవులు చూశాడు గానీ, ఒక్క ఊరూ చూడలేదు. ఓడ ఆగే వేళకి వంట, బయల్దేరే వేళకి అంట్లు. దూరంగా మిణుకుమిణుకుమనే దీపాలు చూసి ఊరంటే ఇలా ఉంటుంది కాబోలనుకోవడమే. ఆఖరి ఓడలో ఒక కుర్ర ఇంజనీరు ఈ ఆట నేర్పాడు. ఇంటికొచ్చాక మొదట వెనిస్ కట్టబోయాడట. కాలవలు తవ్వాక, వాటి ఒడ్డున జనం ఏం తింటారో, బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారో తెలియక ఆపేశాడు. తెలిసిన ఊరే కడదామని బఖావాన్ వీధికొచ్చాడు. అక్కడ జనం ఏం తింటారో అతనికి తెలుసు, బట్టలెక్కడ ఆరేస్తారో మరీ బాగా తెలుసు.

ఆటలో దొరకని వస్తువులని సొంతంగా తయారుచేసి, లోకంలో ఆ ఆట ఆడేవాళ్లందరికీ ఉచితంగా పంచేవాడు. అలా మురిక్కాలవ గుంత కూడా పంచాడు. పలక పోయి మూడేళ్లుగా నోరు తెరుచుకునున్న ఆ గుంత, అందులో పడకుండా ఎవరో గుచ్చిన అరటి కొమ్మతో సహా, జనానికి తెగ నచ్చేసింది. పోలండ్‌లో ఒకతను తన పట్నం నడిబొడ్డున దాన్ని పెట్టుకుని ‘ఇంత నిజమైన గుంత నేనెక్కడా చూడలేదు’ అని రాశాడు. ఆ మాట పేట పెద్ద కాపితాన్ దోమింగ్ చెవిన పడింది. ఆయన బొజ్జతో సహా ఊగిపోతూ వచ్చాడు.

“మానోంగ్! నా పేట పరువు పోలండ్ దాకా తీస్తారా? ఆ గుంత పూడ్చేయండి!”

“మీరు పూడ్చండి కాపితాన్. వెంటనే నేనూ పూడుస్తాను.”

మూడేళ్లలో పడని పలక మూడు రోజుల్లో పడింది. కర్పో మాట తప్పలేదు, ఆటలోనూ పలక వేసేశాడు. పోలండ్ అతను మాత్రం ఏడుపు బొమ్మలు వరసగా పెట్టి, ‘గుంత ఏమైంది? నా గుంత ఏమైంది?’ అని వారంపాటు అడిగాడు.

దాంతో వీధికి కిటుకు అర్థమైంది. ఆటలో అందంగా కనబడాలంటే ముందు బయట అందంగా ఉండాలి. ఒకరు గేటుకి రంగేశారు, ఒకరు అరుగు మీది పాత టైర్లు తీయించారు. పాసింగ్ మాత్రం గోడ జోలికి పోలేదు. కాపితాన్ ఎన్నికల బ్యానరు ఒకటి తెచ్చి పగులు మీద కట్టేసింది. కర్పో గొడుగుతో కొలిచి, బ్యానరు కూడా గీశాడు. పోలండ్ అతను దాన్ని తీసుకుపోయి తన పట్నంలో వేలాడదీశాడు.

“పోలండ్‌లో నా బొమ్మా?” అని కాపితాన్ మురిసిపోయాడు. “అక్కడ మన ఓట్లెన్ని ఉంటాయంటారు మానోంగ్?”

వర్షాకాలంలో గాలికి బ్యానరు ఎగిరిపోయింది. సాయంత్రానికల్లా ఆటలో పగులు మళ్లీ ప్రత్యక్షం. “ఈ మనిషి ఒక్కసారి అబద్ధమాడి దొరికితే చాలు, పంబ రేపుతాను!” అని పాసింగ్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి మరీ మొక్కుకుంది.

ఇంతలో వీధి వీధంతా పూనకం వచ్చినట్టయింది. ఈ ఆట ఆడేవాళ్ల సంఘం ఏటా పెట్టే పెద్ద ప్రదర్శనలో, ‘నిజమైన ఊళ్ల’ వరసకి కర్పో వీధి ఎంపికైంది! లక్షల మంది చూస్తారు! ఒకటే షరతు. గీసిన ప్రతి చోటుకీ అసలు ఫొటో పంపాలి. దవావోలో ఉండే ఒకమ్మాయి రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూస్తుంది. ఓడలో కిటికీలోంచి ఊళ్లు చూసిన మనిషి కదా, ఇప్పుడు అన్ని ఊళ్లవాళ్లూ తన ఊరు చూస్తారన్న సంబరంలో కర్పో మధ్యాహ్నం వంటలో ఉప్పు రెండుసార్లు వేశాడు.

ప్రదర్శనకంటే ముందే ఓసారి చూసేద్దామని, ఆదివారం ప్రార్థన కాగానే జనమంతా కర్పో వాకిట్లో పోగయ్యారు. అదెల్ఫా పాన్‌సిత్ నూడుల్స్ వండి పెట్టింది. టీవీ వరండాలోకొచ్చింది. తెర మీద ఒక జీప్నీ బయల్దేరి వీధిలోకి మళ్లింది.

“అదిగో నా గేటు! రంగేసిన నా గేటు!”

“ఒరే, మా కోడి! కుంటికాలుతో సహా పెట్టాడ్రా!”

“కాపితాన్, మీ బొజ్జ!”

పాసింగ్ తన గోడ దాటేదాకా కళ్లు మూసుకుని, తరవాత తెరిచింది. జీప్నీ మలుపు తిరిగింది. అక్కడ రోడ్డు పక్కన ఒక పాక ఉంది. నాలుగు గుంజలు, పైన రేకుల కప్పు, కింద బల్ల. బల్ల మీద బుట్ట ఒళ్లో పెట్టుకుని, నీడలో హాయిగా కాళ్లూపుకుంటూ ఒక ఆడమనిషి.

“ఆపండి, ఆపండి!” కాపితాన్ లేచాడు. “ఈ పాక ఎక్కడిది? అక్కడ కరెంటు స్తంభం, నా కుక్క తప్ప ఏమీ లేవే!”

పాసింగ్ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన క్షణం! “దొరికాడు! అబద్ధం! నా పగులు చూసిన కళ్లకి లేని పాక కూడా కనబడిందా? ఏమయ్యా సత్యవంతుడా, చెప్పు!”

కర్పో చెవులు ఎర్రబడ్డాయి. “అంటే... అదీ... ఆటే కదా మానాంగ్,” అన్నాడు.

వాకిలి గొల్లుమంది. నవ్వి నవ్వి కాపితాన్‌కి పాన్‌సిత్ పొలమారింది. పాసింగ్ కూడా కడుపు పట్టుకుని నవ్వింది గానీ, ఇంటికెళ్లాక ఎందుకో నిద్ర సరిగా పట్టలేదు.

దవావో అమ్మాయి కన్ను కూడా ఆ పాక మీదే పడింది. ‘మలుపు ఫొటో రాలేదు. శనివారంలోగా పాక ఫొటో పంపండి, లేదా పాక తీసేయండి. రెండూ కాకపోతే ప్రదర్శనలో చేర్చుకోలేం’ అని రాసింది. కర్పో మూడోదే ఎంచుకున్నాడని వీధిలో పొక్కింది. సానుభూతి వంకతో కాస్త దెప్పి వద్దామని పాసింగ్ నాలుగు ఇబోస్ పట్టుకుని వెళ్లింది. కర్పో గోడకేసి తిరిగి పడుకున్నాడు. గొడుగు మూలన పడుంది. అదెల్ఫా ఆమెని వంటింట్లోకి లాక్కెళ్లింది.

“తీసేయమనవే! ఓ మీట నొక్కితే పోతుందిగా?” అంది పాసింగ్.

“తీయడట.”

“నా పగులు తీయడు, ఆ పాకా తీయడు! ఏం మనిషే వీడు?”

“ఆ బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఆడమనిషి ఎవరనుకున్నారు మానాంగ్?”

పాసింగ్ చేతిలోని ఇబోస్ పక్కన పెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

“మొదట పాక లేదు,” అంది అదెల్ఫా. “రోజూ నిలబడతారు కాబట్టి, మిమ్మల్ని మలుపులో ఉన్నదున్నట్టే నిలబెట్టాడు. ఆ ఆటలో వానలు కురుస్తాయి మానాంగ్. మీరు తడుస్తుంటే ఈయనకి ముద్ద దిగలేదు. బయట ఎండ మాడ్చేస్తుంటే, కంచం ముందు కూర్చుని ‘పాపం, అక్కడ వాన పడుతోందే’ అని లేచిపోయేవాడు. పోనీ మానాంగ్‌ని తీసేయండి అన్నాను. ‘రోజూ ఉండే మనిషిని లేదని ఎలా చెప్పను?’ అన్నాడు. నిజం పాక వేయమని కాపితాన్‌ని అడిగి అడిగి విసిగిపోయాడు. ఆయన ‘చూద్దాం, చూద్దాం’ అన్నాడు. ఇక ఆగలేక ఆటలో వేసేశాడు. ఆ పూట రెండు పళ్లేలు తిన్నాడు.”

పాసింగ్ చేతిరుమాలుతో ముక్కు గట్టిగా తుడుచుకుంది. “వెర్రిమాలోకం!” అంది. ఆమెకి గుండె నిండిపోయింది, కోపం కూడా వచ్చింది. ఆ రెంటినీ మోసుకుని తిన్నగా కాపితాన్ ఇంటికెళ్లింది.

“మలుపులో పాక ఉందా, లేదా?”

“లేదుగా మానాంగ్, ఆ రోజు నేనే కదా...”

“ఉంది! నువ్వే కట్టించావని దేశదేశాలు అనుకుంటున్నాయి. లేదని తెలిస్తే పోలండ్‌లో నీ ఓట్లేం కావాలి?”

కాపితాన్ అప్పటికప్పుడే గోదాం తాళాలు తీశాడు. శుక్రవారం పొద్దున్నే వీధంతా ‘దాగ్యావ్’కి దిగింది. తలో చెయ్యీ వేసి ఒకరి పని అందరూ చేయడమన్నమాట. అదెల్ఫా మొగుణ్ని కావాలనే దూరపు సంతకి చేపలకని తోలేసింది. రేకులు కాపితాన్ గోదాంలోంచి వచ్చాయి, బల్ల చర్చి పెరట్లోంచి వచ్చింది. గుంజలు మూడే దొరికాయి. పాసింగ్ తన పెరట్లో బట్టలారేసే వెదురు గడని ఊడబెరికి భుజాన వేసుకొచ్చింది. “వంకరగా ఉంది మానాంగ్,” అన్నాడెవరో. “నేనూ వంకరే. పాతండి!” అంది.

చేపల సంచితో కర్పో సరిగ్గా పాక ముందే జీప్నీ దిగాడు. వీధంతా చుట్టూ మూగింది. అతను పాకని చూశాడు, పాసింగ్‌ని చూశాడు. చేపల సంచి కాపితాన్ చేతిలో పెట్టి, గొడుగు తీసి కొలవడం మొదలుపెట్టాడు.

“ఈ గుంజ వంకర.”

“ఐతే?” అంది పాసింగ్.

“కప్పు జానెడు పొట్టి.”

“ఐతే?”

“బల్ల రోడ్డు వైపు తిరిగుండాలి...”

“కర్పో!”

“ఏం లేదు మానాంగ్,” అన్నాడు. అతని కళ్లు తడిగా మెరుస్తున్నాయి. “అక్కడ మార్చేస్తాను.” చేపలు మర్చిపోయి ఇంటికి పరుగెత్తాడు. వీధి వెనక నుంచి ఈలలేసింది.

ఫొటో వెళ్లింది. ‘వంకర గుంజతో సహా సరిపోయింది’ అని దవావో అమ్మాయి రాసింది. ప్రదర్శన రోజున లక్షల మంది జీప్నీలో కూర్చున్నట్టు బఖావాన్ వీధిలో తిరిగారు. కోడిని మెచ్చుకున్నారు, గేటుని మెచ్చుకున్నారు. వంకర గుంజ కావాలని పోలండ్ అతను అందరికంటే ముందు అడిగాడు.

మర్నాడు పొద్దున్న పాసింగ్ పాకలో కూర్చుని జీప్నీ కోసం చూస్తోంది. కర్పో చేతిలో సిమెంటు బకెట్, తాపీతో అటుగా వచ్చాడు.

“ఎక్కడికయ్యా?”

“మీ గోడకే మానాంగ్. ఇక్కడ పూడిస్తే గానీ అక్కడ తీయలేను కదా.”

పాసింగ్ బుట్ట పక్కన పెట్టింది. “ఆ గుంత పోయిందని పోలండ్ వాడు వారం ఏడ్చాడన్నావు.”

“అవును మానాంగ్.”

“మరి నా పగులు పోతే ఎంతమంది ఏడుస్తారో! వద్దు. ఉండనీ.” బుట్టలోంచి ఇబోస్ తీసి అతని చేతిలో పెట్టింది. “తిను.”

అంతలో వాన మొదలైంది. కర్పో అలవాటుగా గొడుగు చొక్కాలో దాచుకోబోతుంటే, ఆమె చెయ్యి పట్టి పాకలోకి లాగింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. రేకుల మధ్యనుంచి ఒక చుక్క కర్పో ముక్కు మీద పడింది. ఇంకొకటి పడింది.

“కారుతోంది!” అన్నాడు కర్పో, పండగొచ్చినంత సంతోషంగా. “దీన్ని కూడా గీయాలి!”

“నా మీద కారుతున్నట్టు గీశావో, చూడు!” అంది పాసింగ్.

“మీ మీద పడట్లేదుగా మానాంగ్,” అన్నాడు కర్పో, ఇంకాస్త చుక్క కిందకి జరుగుతూ.