బీరువాలో ఉన్న న్యాయం

ఊరంతా కంప్యూటర్ల మోజులో ఉన్న రోజులవి. బోయిగూడలో మావారికి చిన్న కంప్యూటర్ల షాపు ఉండేది. ఓ సర్కారు ఆఫీసు టెండరులో మాదే తక్కువ రేటు. అయినా కాంట్రాక్టు ఇంకొకరికి కట్టబెట్టారు. కడుపు మండి హైకోర్టుకెళ్లాం. వకీలు ఫీజులకు షాపు అమ్మేశాం, దాని పేరిట ఉన్న లైసెన్సు, బ్యాంకు ఖాతా రద్దు చేయించుకున్నాం.

చివరికి గెలిచాం. కానీ ఆ పని అప్పటికే అయిపోయింది. మా కోర్టు ఖర్చులు మాత్రం ఆ ఆఫీసే ఇవ్వాలన్నారు.

తిరిగి తిరిగి చెక్కు తెచ్చుకుంటే, అది షాపు పేరు మీద ఉంది.

"ఆ షాపు లేదు సార్, నా పేరున రాసివ్వండి" అని మావారు బతిమాలారు.

గుమాస్తా తలెత్తలేదు. "కోర్టు ఆర్డర్ల గదే పేరుంది. మార్చాల్నంటే మళ్ల కోర్టుకు పోండ్రి."

మావారు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు నాకు భయమేసింది.

మీకు న్యాయం జరిగిందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. జరిగింది, బీరువాలో ఉంది అంటాను.