జేబులో రెండు సీళ్లు

2023 వానాకాలం. జూలూరుపాడు మెయిన్ రోడ్డు మీద మాది పౌడర్ కోటింగ్ షాపు. లోహపు సామాన్లకు రంగు పొడి పట్టించి ఓవెన్‌లో కాలుస్తాం. పొడి కరిగి గట్టి పొరలా అతుక్కుంటుంది. ఓవెన్ పని నాదే, అనుమానించే పనీ నాదే. "చర్చిలో కానుకల పెట్టె తాళం కూడా లాగి చూసే రకం నువ్వు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చూస్తాను, తప్పేముంది?

గోదావరి వరద తీసిన కొన్నాళ్లకు, భద్రాచలం అవతలి గూడెం నుంచి సోమయ్య అనే పెద్దాయన బస్సు దిగి వచ్చాడు. గోనెసంచిలో రెండు ఫోర్క్ బాటమ్‌లు ఉన్నాయి. బైకు ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే షాకబ్జర్ల కింది గొట్టాలవి. నల్లరంగు పెచ్చులూడి, అల్యూమినియం కాబట్టి తెల్లటి తుప్పు పట్టింది.

"ఉన్న రంగే ఎయ్యాలమ్మా. కొత్తగ ఏసినట్టు ఎవలకు తెల్వొద్దు."

నాకు అక్కడే అనుమానం కొట్టింది. రంగు వేయించుకున్నవాడు నలుగురికీ చూపించుకుంటాడు గానీ దాచుకుంటాడా?

"బండి ఎవరిది పెద్దయ్యా?"

"నాది గాదు" అని తల వంచుకున్నాడు.

ఒక గొట్టం ఊపి చూశాను. లోపల ఏదో గడగడలాడింది. ఏ చెక్‌పోస్టు దగ్గర ఏ బండిలో గంజాయి పట్టుకున్నారో మా దారిలో తరచూ వినే మాటే. ఇది దొంగ బండో, అంతకంటే పెద్ద తలనొప్పో! లోపల భయంగానే ఉన్నా మామూలుగా అడిగాను.

"సీళ్లు తీసేసినవా?"

షాకబ్జర్‌లో నూనె కారకుండా పట్టి ఉంచే రబ్బరు రింగులు సీళ్లు. వాటితోనే ఓవెన్‌లో పెడితే రబ్బరు మాడి, మిగిలిన నూనె పొంగి, రంగంతా పొక్కులు లేస్తుంది.

"తీసిన. ఇగో" అంటూ చొక్కా జేబులోంచి రెండు రింగులు తీసి బల్ల మీద పెట్టాడు. సాక్ష్యం జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి నేను అసలే నమ్మను. పైగా అవి దుమ్ము పడకుండా పైన ఉండే డస్ట్ సీళ్లు. నూనెను ఆపే ఆయిల్ సీళ్లు వాటి కింద ఉంటాయి.

"ఇంకో రెండు యాడున్నయి?"

"గంతేనమ్మా ఉన్నయి. ఒట్టు!"

"నీ ముందటనే ఇప్పి చూస్తా. ఇష్టం లేకుంటే తీస్కపో."

వెళ్లిపోతాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పిక్కు అనే సన్నటి ఇనుప పుల్లతో గొట్టం మూతి గోకాను. ఒండ్రుమట్టి ఎండి రాయిలా ఉంది. అది రాలాక సర్‌క్లిప్ కనబడింది. సీలు పైకి లేవకుండా ఆపే తీగ అది. దాన్ని తీసి, అంచు గీసుకుపోకుండా గుడ్డ అడ్డం పెట్టి ఎత్తితే ఆయిల్ సీలు ఊడి వచ్చింది. దాని వెనకే గోదావరి మట్టి గడ్డలు దొర్లాయి. రెండో గొట్టంలోనూ అంతే. గంజాయీ లేదు, ఏమీ లేదు.

సోమయ్య ఆ సీలు వైపు నోరు తెరుచుకుని చూశాడు. మట్టి కప్పేయడంతో అది ఉందనే ఆయనకు తెలియదు.

"మా గూడేనికొచ్చి సూదులేసే నర్సమ్మ బండి అమ్మా ఇది. వాగు పొంగితే నా కాడ ఇడిసి పడవల పోయింది. ఎన్నడు మునగని గుట్టరాయి మీదికి ఎక్కిచ్చిన. ఈసారి గది గూడ మునిగింది."

"ఆమెకు చెప్పొచ్చు గద?"

"నమ్మి ఇడిసిన వస్తువు చెడితే, బాగు చేసిచ్చేదాంక మా కాడ ఆ మనిషికి ఎదురువడం. బండి లేకుంటె ఆమె గూడేనికి రాదు. నా మనవరాలికి సూది ఏసే దినం దగ్గరవడ్డది."

ఆయన మాట నమ్మి గొట్టాలను అలాగే ఓవెన్‌లో పెట్టి ఉంటే రెండూ పాడయ్యేవి. మట్టి, నూనె అంతా కడిగి, నల్లరంగు వేసి, కొత్త ఆయిల్ సీళ్లు బిగించుకోమని చెప్పి పంపాను.

కొన్నాళ్లకు నర్సమ్మే ఆ బండి మీద షాపుకొచ్చింది.

"అక్కా, రంగేసింది మీరేనట గద. సోమయ్య మనవరాలికి సూదేసినంక ఆయన్ను అడిగిన, నవ్వి మాట దాటేసిండు. బండిని యాడ గుద్దిచ్చిండు? నిజం చెప్పు."

"యాడ గుద్దియ్యలే సిస్టర్. నా మాట నమ్ము."

ఆమె నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. రోజూ నేను జనాన్ని చూసేది అలాగే.

"మరేం జరిగింది?"

"ఆయన్నే అడుగు. అది ఆయన నోటితోనే ఇనాలె. బండి బాగైంది గద, ఇంక నీకు ఎదురువడ్తడు, చెప్తడు."

సీలు తీశారా అని అడిగి వదిలేయకూడదు, పిక్కు పెట్టి చూడాల్సిందే. ఆ పట్టు నేను ఇప్పటికీ వదల్లేదు. కానీ గొట్టంలో ఏముందో తేలకముందే, తెచ్చిన మనిషిని దొంగ అనుకోవడం మానేశాను.