ఎడమ విండోలో అసలు

ఆఫీసులో టీమ్ లీడరుకు అందరూ పెట్టిన పేరు విండోల మారాజు. మౌస్ ముట్టుకునేవాణ్ణి అతను మనిషిగా లెక్కేయడు. ప్రోగ్రాములు రాసే తన ఎడిటర్‌ను నిలువుగా, అడ్డంగా విండోలుగా చీల్చి, ముక్కకో ఫైలు తెరిచి, నలుగురు చూస్తుండగా వేళ్ళు టకటకలాడిస్తూ ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతేవాడు. గెంతడమే తప్ప రాసిందేమిటో ఎవరూ చూడలేదు. పైన పటారం, లోన లొటారం.

భార్య చెల్లెలు వాళ్ళింట్లోనే ఉంటూ, అతని కిందే కొత్తగా చేరింది. బస్సుల వేళలు చూపించే ప్రోగ్రాం ఒకటి రాసింది. అది మేనేజరుకు నచ్చితేనే ఉద్యోగం ఖాయం. చూపించాల్సిన రోజుకు ముందురోజు బావగారికి పంపింది.

“ఒకసారి చూస్తారా బావగారూ?”

“చూడ్డమేంటి, కడిగి పెడతా. నీ దగ్గరున్నది తీసేయ్. రెండు చోట్లుంటే గందరగోళం.”

“ఏమైనా అయితే?”

“పిచ్చిదానా! ఎడమ విండోలో అసలు అలాగే ఉంటుంది. కుడి విండోలో మారుస్తా. నా దగ్గర పోవడమా!”

విండోలు రెండైనంత మాత్రాన ఫైలు రెండవుతుందా? రెండు విండోల వెనకా ఉన్నది ఒకే బఫరు, అంటే తెరిచిన ఫైలుకు ఒకే ఒక్క కాపీ. కుడివైపు చెరిపింది ఎడమవైపూ చెరుగుతుంది. ఎవరైనా మొదటిరోజే నేర్చుకునే సంగతి ఇది. మన మారాజు ఆ రోజు గెంతులు నేర్చుకున్నాడు. తనకు అర్థంకాని లైన్లన్నీ చెత్తని తేల్చి తుడిచిపారేశాడు. ఎడమవైపు ఫైలు మొదలే కనిపిస్తోంది కనుక కింద ఏమవుతోందో చూడలేదు. సేవ్ చేసి, ఎడిటర్ మూసి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు అతను తెరిచి చూస్తే సగం ప్రోగ్రాం లేదు. ఒకసారి మూశాక ఎడిటర్‌కు పాత మార్పులు గుర్తుండవు. తప్పు తనదేనని తెలుసు, క్షణం కూడా అనుమానం రాలేదు. అతని మీద అసహ్యం వేసేది అక్కడే.

“ప్రోగ్రాం ఏదమ్మా?” అంటూ మేనేజరు వచ్చాడు. ఆమె బావగారి వైపు చూసింది.

“సగమే రాసిచ్చింది సార్. కొత్తపిల్ల. ఈసారికి వదిలేయండి, నేను దగ్గర కూర్చుని నేర్పిస్తా.”

“మొత్తం రాశాను సార్,” అంది ఆమె. బావగారి మాట విని తన దగ్గరున్నది తీసేసింది కనుక చూపించడానికి ఏమీ లేదు. మేనేజరు లీడరు మంచితనానికి మురిసిపోయి, ఆమెకు ఇంకో వారం గడువిచ్చాడు.

రాత్రి భోజనాల దగ్గర అక్క కోప్పడింది. “మీ బావ అడ్డుపడకపోతే నీ ఉద్యోగం ఊడేదే. థాంక్స్ చెప్పవే!”

చెల్లెలు సగం తిన్న కంచం తీసుకుని లేచింది.

“ఊరుకోవే,” అన్నాడతను చెయ్యి కడుక్కుంటూ. “మనలో మనకి థాంక్సులేంటి?”