ఎడమ తలుపు మీద ఆకుపచ్చ కుట్టు

ఈ కాగితం చేతికి వచ్చిన పెద్దలకు, ముందుగా నా రాతను మన్నించమని అడుగుతున్నాను. నేను ఐదో తరగతి దాకానే చదువుకున్నాను. ఒత్తులు తప్పిపోతాయి, వరుసలు కిందికి జారిపోతాయి. ఒకే సంగతి చాలా కాగితాల మీద చేత్తో రాస్తున్నాను కాబట్టి చివరికి వచ్చేసరికి అక్షరాలు ఇంకా చెడిపోయి ఉంటాయి. ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు ఇది.

మా మామ పోయారు. పోయిన గురువారం మధ్యాహ్నం ఉదయగిరి బస్టాండు దగ్గర టీ అంగడి ఆయన మా ఆయనకు ఫోన్ చేశాడు. “ఆత్మకూరు స్పీకర్ల పెద్దాయన మీ నాయనే గదా? బల్ల మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండాడు. టీ చల్లారిపోయింది. పిలిస్తే పలకలేదు. బిరీన రాండి,” అన్నాడు. మా ఆయన ఒక కారు తలుపు విప్పి పని చేస్తున్నాడు. స్క్రూలన్నీ కింద పడిపోయాయి. వాటిని ఏరుతూ నన్ను అడిగాడు, “ఉదయగిరిలో ఏం పనే నాయనకు? వారం వారం ఆడికెందుకు పోతా ఉండాడు?”

నాకు తెలుసు. నోరు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మీతో పని ఉండి రాస్తున్నాను. అయితే పని చెప్పే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. లేకపోతే చివరిదాకా చదివి, ఆ పెద్దాయనది అజాగ్రత్త పని అనుకుంటారు. అది నేను తట్టుకోలేను.

మా మామ బండి తలుపుల్లో స్పీకర్లు బిగించేవారు. కార్లు, లారీ క్యాబిన్లు, పెళ్ళిళ్ళకు తిరిగే వ్యాన్లు. పైన కనిపించే పని చాలామంది చేస్తారు. ఈయన పనంతా తలుపు లోపల ఉండేది. అద్దం పక్క నుంచి వాన నీళ్ళు తలుపులోకి దిగుతాయి, అందులో పొరపాటు ఏమీ లేదు. ఆ నీళ్ళు స్పీకరు కాగితం మీద పడకుండా పాత ప్లాస్టిక్ డబ్బాలు కోసి చిన్న చూరు లాగా వెనక బిగించేవారు. తలుపు అడుగున ఉండే కన్నాలను తీగతో పొడిచి మట్టి తీసేవారు. “నీళ్ళు రాకుండా ఆపేది మన చేతిలో లేదమ్మా. వచ్చినవి బయటికి పోయేదానికి దారి ఉండాదా లేదా, అదొక్కటి చూడాల,” అనేవారు. అద్దం పూర్తిగా దించి, అది స్పీకరు వెనక అయస్కాంతానికి తగలదని వేలు పెట్టి చూసుకున్నాకే స్క్రూ తిప్పేవారు. ప్యానెల్ వెనక స్పాంజి అంటించి, వేలి కణుపుతో మెల్లగా కొట్టి, చెవి ఆనించి వినేవారు. ఎక్కడైనా గడగడ అంటే మళ్ళీ విప్పడమే. బండివాడు విసుక్కునేవాడు. “ఏంది పెద్దాయనా, తలుపుకు జొరం చూస్తా ఉండావా?” అంటే, “నువ్వు దిగి పోతావు అబ్బయా, దీనికి జొరమొస్తే చెప్పుకునేదానికి నోరుండదు,” అనేవారు.

నేను పెళ్ళయి వచ్చేసరికి అత్త లేదు. ఇంటి ముందర గదే అంగడి. మధ్యలో గుడ్డ తెర. నేను తెర వెనకే ఉండేదాన్ని. కొత్త మనుషులంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. మామతో కూడా రెండు నెలలు మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే గిన్నె చప్పుడు చేసేదాన్ని.

నాకు కుట్టుమిషను వచ్చని తెలిసి, ప్యానెల్ రెక్సిన్లు, స్పీకరు ముందు బిగించే జాలీ గుడ్డలు నా చేత కుట్టించడం మొదలుపెట్టారు. జాలీ లేకపోతే ఎక్కేవాళ్ళ మోకాళ్ళు, గొడుగు మొనలు, పిల్లల వేళ్ళు స్పీకరును చింపేస్తాయి. దాన్ని కాపాడాలి, పాటను ఆపకూడదు. గుడ్డ కొనేటప్పుడు నోటికి ఆనించుకుని ఊదేవారు. ఊపిరి అవతలికి వస్తేనే ఆ గుడ్డ. ఒకరోజు కొత్త గుడ్డను చట్రానికి బిగించి తెర దగ్గరికి తెచ్చి పట్టుకున్నారు.

“దీని వెనక నుంచి ఏదన్నా మాట్లాడమ్మా. మాట వస్తాదో లేదో చూస్తాను.”

నేను కదలలేదు.

“నా మొగం నీకు కనబడదు. నీ మొగం నాకు కనబడదు. గుడ్డకు చెప్పు, చాలు.”

చాలాసేపటికి అన్నాను, “రాత్రికి వంకాయ చెయ్యనా, పప్పు చెయ్యనా?”

మామ పెద్దగా నవ్వారు. “గుడ్డ బాగుండాది. వంకాయ చెయ్యి,” అన్నారు. మేమిద్దరం మాట్లాడుకున్న మొదటి మాట అది. ఆ చట్రాన్ని తరువాత ఏ బండికీ బిగించలేదు, తెర పక్కన మేకుకు తగిలించి పెట్టారు.

ఇప్పుడు ఆ పని సంగతి.

మొన్న పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక పొద్దున మామ, మా ఆయన సంగం వెళ్ళారు, ఎవరి బండో చూడడానికి. నేను ఒక్కదాన్నే ఉన్నాను. తెల్ల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. లోపల పెళ్ళివాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. పూల వాసన బయటికి వచ్చింది. డ్రైవరు తెర దాకా వచ్చి, “అమ్మా, పాట ఆగిపోయింది. ఇది మీ అంగట్లో బిగించిందే. పెద్దాయన యాడ?” అన్నాడు. లేరని చెయ్యి ఊపాను.

“పెళ్ళికూతురు లోపల కూర్చోనుండాది. పాట లేకుండా పోతే నన్ను తంతారు. ఏదో ఒకటి చెయ్యమ్మా, నీకు తెలీకుండా ఉంటాదా?”

మామ పని చూసి చూసి ఫ్యూజు ఎక్కడ ఉంటుందో తెలుసు. బ్యాటరీ పక్కన చిన్న గాజు గొట్టం, లోపల వెంట్రుకంత తీగ. అది కాలి నల్లబడింది. కొత్త ఫ్యూజుల డబ్బా బీరువాలో పెట్టి తాళం మా ఆయన జేబులో వేసుకుపోయాడు. మా పుట్టింట్లో కరెంటు పోతే మా నాయన ఫ్యూజులో రాగి తీగ చుట్టి మళ్ళీ దోపేవాడు. మా ఊళ్ళో అందరూ అంతే. నేను కూడా వైరు ఒలిచి, ఒక రాగి పోగు తీసి, గాజు గొట్టం రెండు కొసలకూ చుట్టి పెట్టాను. పాట వచ్చింది. లోపల ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. డ్రైవరు, “మామ కంటే కోడలే మేలు!” అని బండి తీశాడు.

నేను తలెత్తి అతని మొహం చూడలేదు. ఊరేదని అడగలేదు. నంబరు చూడలేదు. ముందు ఎడమ తలుపు తెరిచి ఉంటే ఒక్కటి మాత్రం చూశాను. మెరూన్ రంగు జాలీ గుడ్డ, కింద అంచున జానెడు ఆకుపచ్చ కుట్టు. అది కుట్టిన రోజు మెరూన్ దారం అయిపోతే ఆకుపచ్చ దారంతో ముగించాను. నా కుట్టే అని గుర్తుపట్టి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు, ఒక్కదాన్నే ఉన్నప్పుడు తెర దాటానని మా ఆయన ఏమంటాడో అని.

పది రోజులకు ఒక పాత కారును తోసుకుంటూ తెచ్చారు. సీటు కింద స్పాంజి కరిగి ఇనుముకు అంటుకుపోయి ఉంది. అంగడి అంతా ఆ వాసన. మామ బ్యానెట్ ఎత్తి ఫ్యూజు ఊడదీసి చూశారు. తరువాత మా ఆయనతో అన్నారు, “చూస్తివా రా. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టి ఉండారు. ఫ్యూజు చచ్చేదే మన కోసంరా. దాన్ని చావనీకపోతే ఇంకొకటి చస్తాది.”

నేను తెర వెనక ఉండి విన్నాను. రెండు రోజులు అన్నం దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన లేనప్పుడు మామ మేకు మీది చట్రం తీసి, తెర దగ్గర పట్టుకున్నారు.

“ఏందో ఉండాది నీలో. దీని వెనక నుంచి చెప్పు.”

చెప్పాను. అంతా చెప్పాను.

“ఆకుపచ్చ కుట్టా? ముందు ఎడమ తలుపా?”

“అవును మామా.”

“ఫ్యూజు ఊరికే పోదమ్మా. యాడో తీగ ఒరుసుకుంటా ఉండాది. ఆ తీగ లాగింది నేను. సీటు కింద ఇనప పట్టా దగ్గర దానికి రబ్బరు గొట్టం తొడిగినానా లేదా, నాకు గుర్తు రావడం లే.” చట్రాన్ని మేకుకు తగిలిస్తూ మళ్ళీ అన్నారు, “వాడికి చెప్పొద్దు. చెప్తే నిన్ను మళ్ళీ పనిలోకి రానీడు. బండి దొరికినాక నేనే చెప్తాను.”

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ బండిని మామ మర్రిపాడు ఆయనకు బిగించారు. అక్కడికి వెళితే, జలదంకి వాళ్ళకు అమ్మేశామన్నారు. జలదంకి వెళితే, ఉదయగిరి పక్క ఎవరో కొన్నారన్నారు, పేరు గుర్తు లేదన్నారు. ఆ తరువాత మామ ప్రతి గురువారం ఉదయగిరి బస్టాండు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. “ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పినాడు గదా నాయనా! అంగడి నామీద వదిలేసి ఊళ్ళు తిరగతా ఉండావు,” అని మా ఆయన కోప్పడేవాడు. మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “ఈ వారం పోయొస్తాన్రా,” అనేవారు. ప్రతి వారం అదే మాట.

ఒకసారి నన్ను పుట్టింటికి దించే వంకతో తీసుకెళ్ళారు. కొండ నీడ బస్టాండు మీదికి వచ్చేదాకా ఆ బల్ల మీదే కూర్చున్నాం. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు.

“చూడకుండా ఎట్లా తెలస్తాది మామా?”

“తెల్ల వ్యాన్లు కంటికి అన్నీ ఒకటేనమ్మా. పాట వస్తా ఉన్నప్పుడు తలుపు గడగడలాడని బండి వస్తే, అది మనది.”

కొంచెం సేపటికి లేచి నిలబడ్డారు. నాకు పాట ఇంకా సరిగా వినపడలేదు. తెల్ల వ్యాను మలుపు తిరిగి వచ్చింది. మామ రోడ్డుకు అడ్డం వెళ్ళి ఎడమ తలుపు మీద చెయ్యి వేశారు. మెరూన్ గుడ్డ. అంచు అంతా మెరూన్ దారమే.

“ఏంది ముసలాయనా, తలుపు కొంటావా?” అన్నాడు డ్రైవరు.

“నేను చేసిందేలే అబ్బయా. బాగుండాదా అని చూసినాను.”

అయినా వదలకుండా బ్యానెట్ ఎత్తించి ఫ్యూజు చూసి, వైరు మీద చెయ్యి నడిపించి, అప్పుడు పంపించారు. తిరిగి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. లోపల ఎవరున్నారని నేను అడగలేదు, నేనూ చూశాను కదా. వెనక సీట్లో ఒక బాలింత నిద్రపోతోంది, ఒళ్ళో బిడ్డ.

పోయిన గురువారం ఆయన్ను ఇంటికి తెచ్చినప్పుడు చొక్కా జేబులో ఒక కాగితం పొట్లం ఉంది. మా ఆయన విప్పి చూసి, “ఇదేంది, ఒక్క ఫ్యూజు పెట్టుకోని తిరగతా ఉండాడు?” అని పక్కన పడేశాడు. నేను తీసి కొంగున ముడి వేసుకున్నాను.

అయ్యా, నా పని ఇది. మీది తెల్ల వ్యాను అయితే, లేదా మీరు ఎక్కే వ్యాను తెల్లదైతే, ముందు ఎడమ తలుపు కింద అంచు చూడండి. జానెడు ఆకుపచ్చ కుట్టు ఉంటే పాట పెట్టొద్దు. ఆపి ఉంచినా ఆ వైరుకు బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది, కాబట్టి ముందు బ్యాటరీ తీగ విప్పించండి. తరువాత బండిని తెలిసిన మెకానిక్‌కు చూపించండి. సీటు కింద పట్టా దగ్గర వైరు ఒరుసుకుందేమో చూడమని చెప్పండి. ఉదయగిరి బస్టాండు టీ అంగట్లో ఒక మాట చెబితే నాకు తెలుస్తుంది. ఫ్యూజు నా దగ్గర ఉంది. నేనే వస్తాను. మొహం చూసి మాట్లాడతాను.

ఈ పొద్దున ఈ వరుసలు రాస్తుంటే కూడా రోడ్డు మీద ఒక బండి పోయింది. దూరం నుంచి పాట వచ్చింది, తలుపు గడగడలాడలేదు. నేను మిషను దగ్గర నుంచి లేచి పరుగెత్తాను. వాకిట్లోకి వచ్చేసరికి దుమ్ము మాత్రం ఉంది. దుమ్మేనా, పొగ కాదు గదా అని వాసన చూశాను.

చదివాక ఈ కాగితాన్ని కాల్చేయండి. మా ఆయనకు ఈ సంగతి నా నోటి నుంచి తెలియాలి, కాగితం నుంచి కాదు. చట్రం మేకుకే ఉంది, ఈ రాత్రి అన్నం పెట్టాక దాన్ని తీసి, దాని వెనక నుంచి మా ఆయనకు చెబుతాను. కాల్చేటప్పుడు మాత్రం బండికి దూరంగా వెళ్ళి కాల్చండి. మొత్తం బూడిద అయ్యేదాకా పక్కనే నిలబడండి.